మా సరిహద్దు ఊళ్ళలో కంటి క్యాంపు పెట్టాలంటే

సంక్రాంతి వెళ్ళగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, మా యువజన సంఘం తరఫున కంటి క్యాంపు పెడదామనుకుంటున్నాం, ఫలానా ఆదివారం రాగలరా?" వస్తాను. రాకేం? కానీ తేదీ ఖాయం చేసే ముందు ఒక్క మాట అడుగుతాను: క్యాంపు అయిపోయిన నెలకు మళ్ళీ ఆ ఊరు ఎవరు వెళ్తారు? టెంటుకు మనిషి ఉంటాడు, మైకుకు ఉంటాడు, భోజనాలకు ముగ్గురుంటారు. ఈ పనికి మాత్రం ఎవరూ ఉండరు. కళ్ళజోడు చేతికి రాని పరీక్ష, ఆపరేషన్ దాకా చేరని చీటీ ఆ ఊరివాళ్ళ ఒక రోజు కూలిని తినేస్తాయి, అంతే. అందుకని ఇందులో పరీక్ష గురించి ఎంత రాస్తానో ఆ తర్వాతి పని గురించీ అంతే రాస్తాను.

నా గురించి రెండు ముక్కలు. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరి గుణుపురం, వంశధార ఒడ్డు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, వీధిలో రెండూ, సంతలో వాటికి తోడు కొండవాళ్ళ సవర భాష. మా నాన్నగారిది వాచీల రిపేరు కొట్టు. ఆ రోజుల్లో మా వైపు కళ్ళజోళ్ళు కూడా వాచీల కొట్లోనే దొరికేవి. ఒక పళ్ళెంలో పోసి పెడితే, ముసలివాళ్ళు ఒక్కొక్కటీ పెట్టుకుని, పంచాంగం పట్టుకుని చూసి, నచ్చింది కొనుక్కుపోయేవారు. నేను ఆప్టోమెట్రీ చదివి వచ్చాక ఆ పళ్ళెం స్థానంలో ట్రయల్ లెన్సుల పెట్టె వచ్చింది. వాచీల బల్ల ఇంకా ఉంది, నాన్నగారు కూర్చుంటూనే ఉంటారు.

అన్నిటికంటే ముందు మన హద్దు మనకు తెలియాలి. ఆప్టోమెట్రిస్టు అంటే చూపు కొలిచి, అద్దాలు రాసి, కంట్లో జబ్బు ఛాయలు కనిపిస్తే పట్టుకుని డాక్టరు దగ్గరకు పంపేవాడు. ఆపరేషన్ చేసేది ఎంబీబీఎస్ మీద కంటి వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. పల్లెలో ఎంత చెప్పినా "డాక్టరు బాబు" అనే పిలుస్తారు. పిలుపు మార్చలేం గానీ, చీటీ మీద మాత్రం మన పేరు పక్కన మనం ఏమిటో సరిగ్గా రాసుకోవాలి. క్యాంపు సంగతి ఆ ప్రాంతం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, జిల్లా వైద్యాధికారి ఆఫీసుకీ కాగితం మీద తెలియజేయాలి. ఊళ్ళోనే టేబుళ్ళు వేసి శుక్లాల ఆపరేషన్లు చేసే పద్ధతికి కాలం చెల్లింది, దాన్ని ఎవరూ ప్రోత్సహించరు. ఊళ్ళో చూడటం, ఆస్పత్రికి తీసుకెళ్ళి చేయించడం, ఇదే దారి.

రోజు, చోటు

ఊడ్పుల్లో పెడితే ఎవరూ రారు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు. మార్చి దాటితే జీడిమామిడి. మాకు కలిసొచ్చేది సంక్రాంతి తర్వాత ఒకటిన్నర, రెండు నెలలు. సంత రోజున సంతలోనే పెడదామని కొందరు అంటారు, జనం దొరుకుతారని. నేను వద్దంటాను. బుట్టలో చింతపండు పెట్టుకుని బేరం కోసం నిలబడిన మనిషి మీ చార్టు ముందు నిలబడదు. పక్క ఊరి సంత రోజు కూడా చూసుకోండి, ఆ రోజు ఊళ్ళో ముసలివాళ్ళూ పసివాళ్ళూ తప్ప ఉండరు.

చాటింపు పని ఆశా దీదీకి (ఊరి ఆశా కార్యకర్తకు) అప్పగించండి. ఏ ఇంట్లో ఎవరు గోడ పట్టుకుని నడుస్తున్నారో ఆమెకు తెలుసు. మంచం దిగలేని ముసలమ్మ క్యాంపుకు రాదు, ఆమెను తీసుకురావాలి. మైకులో అరిచినంత మాత్రాన నిజంగా చూపు పోయినవాళ్ళు రారు. వచ్చేవాళ్ళలో సగం మంది చూపు బాగున్నవాళ్ళే, ఉచితం కదా అని. వాళ్ళనూ చూస్తాం, తప్పులేదు. కాకపోతే పొద్దున్న మొదటి రెండు గంటలూ దీదీ జాబితాలో వాళ్ళకే అని ముందే చెప్పేయండి.

చోటుకు బడిని మించింది లేదు. వరండా పొడుగు ఉంటుంది, ఒక గది చీకటి చేసుకోవచ్చు, నీళ్ళుంటాయి. టెంటు కింద పరీక్ష పెట్టకండి. రంగు గుడ్డ కింద అన్నీ ఎర్రగానో నీలంగానో కనిపిస్తాయి, ఎండ మారినకొద్దీ వెలుతురు మారిపోతుంది. టెంటు కూర్చోవడానికి, భోజనాలకు.

చార్టు ఏ భాషలో?

మా వైపు క్యాంపుకూ విశాఖ క్యాంపుకూ తేడా ఇక్కడే వస్తుంది. బడికి వెళ్ళే పిల్ల ఒడియా చదువుతుంది. వాళ్ళ నాన్నకు తెలుగు అక్షరాలు వస్తే వస్తాయి. నాయనమ్మకు ఏదీ రాదు. కొండ దిగి వచ్చే సవర వాళ్ళకూ, రాయగడ వైపు కోదు వాళ్ళకూ ఈ రెండు లిపులూ పరాయివే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో బడి నడిపిన నేల ఇది. ఆయన తర్వాత వందేళ్ళకు వచ్చి మనం తెలుగు అక్షరాల చార్టు తగిలించి "చదువమ్మా" అంటే ఏం బాగుంటుంది? అక్షరం తెలియక ఆగిందో, కనబడక ఆగిందో మనకు తెలియదు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు కూడా ఒక ఇబ్బంది పెడతారు: సగం కనిపిస్తే మిగతా సగం ఊహించి చదివేస్తారు.

అందుకని నా చార్టు ఒక్కటే. ఇంగ్లీషు E అక్షరం నాలుగు వైపులకూ తిరిగి ఉండేది. మూడు కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. పైన, కింద, ఇటు, అటు. నాలుగు మాటలు సవరలో, కోదుల భాష కువిలో, ఒడియాలో తెలిసిన కుర్రాడు పక్కన ఉంటే పని అయిపోయింది. ముందు దగ్గరగా పెద్ద అట్ట మీద ఆట నేర్పించాలి. చూపు పరీక్ష అనకండి, పిల్లలు బిగుసుకుపోతారు.

కొలతల దగ్గర మాత్రం ఉదారంగా ఉండకండి. చార్టుకూ మనిషికీ మధ్య 6 మీటర్లు. నేను 6 మీటర్ల నూలుతాడు చుట్టి సంచిలో పెట్టుకుంటాను, ఒక కొస చార్టు కింద మేకుకు, రెండో కొస కూర్చునే కుర్చీ వెనక కాళ్ళకు. అడుగులతో కొలిస్తే ఒక్కొక్కడి అడుగు ఒక్కోలా ఉంటుంది. అంత జాగా లేకపోతే 3 మీటర్ల చార్టు వేరే దొరుకుతుంది, అది వాడాలి తప్ప 6 మీటర్ల చార్టును దగ్గరకు జరపకూడదు. చార్టు మీద వెలుతురు పడాలి, చూసేవాళ్ళ కళ్ళలో పడకూడదు. కిటికీ పక్క గోడకు తగిలిస్తే పనికొస్తుంది, కిటికీ ఉన్న గోడకే తగిలిస్తే చెడుతుంది.

ఎప్పుడూ కుడి కన్ను ముందు. అందరికీ ఒకే వరస ఉంటే రాసేవాడు తికమకపడడు. కన్ను మూయడానికి అట్టముక్క ఇవ్వండి. చెయ్యి అడ్డం పెట్టుకుంటే వేళ్ళ సందులోంచి చూస్తారు, పిల్లలైతే మరీను. గట్టిగా అదిమితే ఆ కన్ను కాసేపు మసకబారుతుంది, తర్వాత దాన్ని పరీక్షించినప్పుడు తప్పు లెక్క వస్తుంది. క్యూలో నిలబడ్డవాళ్ళకు చార్టు కనబడకూడదు. మా గుంటలు, అంటే పిల్లలు, వెనక నుంచి చూసి వరస బట్టీ పట్టేస్తారు, "పైన, ఇటు, కింద, ఇటు" అని గడగడా చెప్పేసి నవ్వుతారు.

6/60 గీతలో (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) అక్షరం సుమారు 87 మిల్లీమీటర్లు ఉండాలి, మామూలు చూపుకు గుర్తైన 6/6 గీతలో 8.7. చార్టు కొన్నాక ఒకసారి స్కేలు పెట్టి చూసుకోండి. ఫోటోస్టాట్ తీయించిన చార్టులు చిన్నవైపోయి తిరుగుతున్నాయి.

చిన్న చిల్లు

చూపు తగ్గినవాళ్ళందరినీ ఒకే గదిలోకి తోసేస్తే మధ్యాహ్నానికి గందరగోళం. అద్దాలతో సరిపోయేవాళ్ళెవరో, కంట్లో వేరే తేడా ఉన్నవాళ్ళెవరో వరండాలోనే విడదీసే సాధనం ఒకటుంది. నల్లటి అట్టలో సుమారు 1.2 మిల్లీమీటర్ల చిల్లు. పిన్‌హోల్ అంటాం. మసగ్గా ఉన్న మనిషి ఆ చిల్లులోంచి చూసి రెండు గీతలు ఎక్కువ చదివితే చాలావరకు పవర్ తేడాయే, అద్దాల గదికి పంపాలి. చిల్లులోంచి చూసినా మారకపోతే, లేదా ఇంకా తగ్గితే, శుక్లమో రెటీనా జబ్బో మరొకటో, డాక్టరు చూడాల్సిన కన్ను. మొదటిసారి ఆ చిల్లు పెట్టినప్పుడు ఒక తాతగారు అట్ట తీసి వెనక్కి తిప్పి చూశారు, ఇందులో అద్దం ఎక్కడ దాచావు నాయనా అని.

అద్దాల గది చీకటిగా ఉండాలి. బడి కిటికీలకు తలుపులు సరిగా మూతపడవు, అందుకని నల్ల దుప్పట్లు, మేకులు, సుత్తి మీరే తెచ్చుకోండి. రెటినోస్కోపు (కంట్లోకి వెలుగు వేసి పవర్ కొలిచే పరికరం) పట్టేవాళ్ళకు తెలిసిందే అయినా చెబుతున్నా, 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే వచ్చిన పవర్‌లోంచి 1.50 తీసేయాలి. గది ఇరుకై అర మీటరుకు జరిగితే 2.00. సాయంత్రానికి నడుం వంగి మనకు తెలియకుండానే ముందుకు జరుగుతాం, ఆఖరి ఇరవై మందికి లెక్క మారిపోతుంది.

పిల్లలకు క్యాంపులో మైనస్ అద్దాలు రాసేయడానికి తొందరపడొద్దు. పసికళ్ళు దగ్గరకు బిగించి చూస్తాయి, లేని మైనస్ ఉన్నట్టు చూపిస్తాయి. కొంచెం అనుమానం ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, ఒక కంటికీ రెండో కంటికీ బాగా తేడా ఉన్నా, చుక్కల మందు వేసి చూసే ఆస్పత్రికి పంపాలి. ఒక కన్ను మసగ్గా ఉండి దాన్ని ఏళ్ళ తరబడి వదిలేస్తే, మెదడు ఆ కంటి పని మానేస్తుంది. పెద్దయ్యాక ఎంత మంచి అద్దం పెట్టినా రాదు. పిల్లలు ఇది ఇంట్లో చెప్పరు, రెండో కంటితో అన్నీ కనిపిస్తుంటాయి కనుక వాళ్ళకే తెలియదు. ఒక కన్ను మూసి చూడమన్నప్పుడే బయటపడుతుంది.

టీచర్లకు ఒక మాట. మా కోసం ఆగనక్కర్లేదు. తెల్లటి అట్ట మీద 13 మిల్లీమీటర్ల ఎత్తూ అంతే వెడల్పూ ఉన్న ఒక్క E అక్షరం నల్లగా గీయండి. కాళ్ళ మందం, సందుల మందం ఎత్తులో అయిదో వంతు. అది 6/9 గీత. 6 మీటర్ల దూరం, ఒక్కో కన్ను, అయిదుసార్లు తిప్పి చూపించండి. నాలుగు సరిగ్గా చెప్పలేని పిల్లల పేర్లు రాసి ఉంచితే, మేం వచ్చి బడి మొత్తాన్ని చూడకుండా ఆ పిల్లలనే నెమ్మదిగా చూస్తాం.

అడ్డాకు పరీక్ష

నలభై దాటాక దగ్గర చూపు తగ్గడం, చత్వారం, అందరికీ వచ్చేదే. పల్లెలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. చదువుకోని మనిషికి దగ్గర చూపుతో పనేమిటని కొందరు డాక్టర్లే అనడం విన్నాను. మా ఆడవాళ్ళ చేతి పనులు చూడనివాళ్ళ మాట అది. బియ్యంలో రాళ్ళు ఏరాలి, చింతపండులో గింజ తీయాలి, సూదిలో దారం ఎక్కించాలి. అడవి నుంచి అడ్డాకులు తెచ్చి సన్నటి పుల్లలతో విస్తర్లు కుట్టాలి. ఈ చూపు తగ్గినప్పుడు విస్తరికి ఎక్కువసేపు పడుతుంది, పుల్ల వేలికి దిగుతుంది, చివరికి కోడలి చేతికి పని వెళ్ళిపోతుంది, చేతిలో ఆడే నాలుగు రూపాయలూ పోతాయి. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన కూలీలకు దగ్గర చూపు అద్దాలిచ్చి చూశారు, 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అద్దాలు పెట్టుకున్నవాళ్ళు కోసిన ఆకు, పెట్టుకోనివాళ్ళ కంటే 20 శాతానికి పైగా పెరిగింది. మా విస్తర్లను ఎవరూ అలా లెక్కపెట్టలేదు గానీ, నాకు ఆ లెక్కలో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

కాబట్టి దగ్గర చూపు చార్టుతో పాటు నా బల్ల మీద మూడు వస్తువులుంటాయి. చాటలో గుప్పెడు బియ్యం, అందులో తెల్లరాళ్ళు. సూది, నల్ల దారం. రెండు అడ్డాకులు, పుల్లలు. నలభై, నలభై అయిదు మధ్య ప్లస్ 1.00తో మొదలుపెడతాను. యాభై దగ్గర 1.50, యాభై అయిదు దగ్గర 2.00, అరవైకి 2.50. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే, దూరం చూపుకు పవర్ ఉంటే లెక్క మారుతుంది. అద్దం పెట్టి అడ్డాకు చేతికిస్తాను. పుస్తకం పట్టుకునే దూరం వేరు, ఒళ్ళో పెట్టుకుని కుట్టే దూరం వేరు. ఆవిడ ఎక్కడ పట్టుకుంటుందో అక్కడే స్పష్టంగా కనిపించాలి. ఒకావిడ అద్దాలు పెట్టుకుని ముందు ఆకును చూడలేదు, తన అరచేతిని చూసుకుంది. "ఏటి బాబూ, ఇన్ని గీతలు బయల్దేరాయి!" అంది. పక్కన కూర్చున్న అందరూ తమ చేతులు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఈ అద్దాలు రెడీమేడ్ దొరుకుతాయి, అప్పటికప్పుడు చేతిలో పెట్టేయొచ్చు. డబ్బు తక్కువుంటే మిగతావన్నీ మానేసి దీనికే పెట్టమంటాను. ఇంత చవకలో ఇంత పనికొచ్చేది కంటి వైద్యంలో మరొకటి లేదని నా నమ్మకం.

పాత కళ్ళజోళ్ళు పోగుచేసి పంచుతామని పట్నం నుంచి పెట్టెలు పంపేవాళ్ళుంటారు. నేను తీసుకోను. ఒకరి రెండు కళ్ళకు చేసిన అద్దం మరొకరికి సరిపోవడం లాటరీ. పేదవాళ్ళు కదా అని లాటరీ ఆడించకూడదు.

దూరం చూపు అద్దాలు చేయించి ఇవ్వాలి. రెండు కనుపాపల మధ్య దూరం కొలిచి రాసుకోవాలి. ఫ్రేము పిల్లల చేత ఎంపిక చేయించండి. మనం ఇచ్చింది పెట్టెలో ఉంటుంది, వాళ్ళు ఏరుకున్నది ముక్కు మీద ఉంటుంది. ఆడపిల్లల తల్లులకు పెళ్ళి గురించి టెన్షన్, కళ్ళజోడు ఉంటే సంబంధాలు రావని. తల్లిని విడిగా కూర్చోబెట్టి, అమ్మాయి పెట్టుకున్న పవరే తల్లికి ట్రయల్ ఫ్రేములో తిరగేసి పెట్టి, అమ్మాయికి అద్దం లేకుండా లోకం ఎలా ఉంటుందో చూపిస్తాను. మైనస్ 3 ఉన్న పిల్లకు ప్లస్ 3 అద్దం తల్లికి పెడితే గుమ్మం అవతల మనుషులు కరిగిపోయినట్టు కనిపిస్తారు. ఆ తర్వాత వాదన అక్కర్లేదు.

నాకు కొట్టు ఉంది కనుక ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటాను. చీటీ మీద పవర్ పూర్తిగా రాసి వాళ్ళ చేతికే ఇస్తాను, ఎక్కడైనా చేయించుకోవచ్చని మైకులో చెప్పిస్తాను. క్యాంపు పేరుతో కొట్టుకు గిరాకీ తెచ్చుకుంటున్నాడన్న మాట ఒక్కసారి పడిందంటే ఆ ఊరు మళ్ళీ రానివ్వదు, రానివ్వకపోవడమే సబబు.

క్యూలో చెప్పాల్సినవి

నిలబడే సమయం వృథా చేయకుండా ఆశా దీదీ చేత కొన్ని చెప్పించండి. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి విటమిన్ ఎ మందు అంగన్‌వాడీలో వేయించాలి. మునగాకు, తోటకూర, బొప్పాయి పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్ళు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లాకోమా) ఉంటే నలభై దాటిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కంటి ప్రెషర్ చూపించుకోవాలి, ఎందుకంటే అందులో పోయిన చూపు తిరిగి రాదు.

వీటన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది దెబ్బల గురించి. వరి కోతలప్పుడు కంకి తగులుతుంది, నూర్పిళ్ళలో ఊక పడుతుంది, కట్టెలు కొడుతుంటే పేడు ఎగురుతుంది. నల్లగుడ్డు మీద చిన్న గీత. అక్కడితో పోయేది. కానీ మా వైపు వెంటనే ఎవరో ఒకరు నాలుకతో తీస్తారు, ఆకు పసరు పిండుతారు, చంటిపిల్లల తల్లి పాలు పోస్తారు. ఆకూ గడ్డీ గీరిన చోట ఫంగస్ పట్టే ప్రమాదం అసలే ఉంది. రెండో రోజు ఎర్రబడితే మందుల షాపుకు వెళ్తారు, అతను ఎర్రదనం తగ్గే చుక్కలిస్తాడు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్ విజృంభిస్తుంది. తెల్లమచ్చ పడి వచ్చేసరికి కన్ను దక్కడం కష్టం. కాబట్టి: నలపకూడదు, శుభ్రమైన నీళ్ళతో కడగాలి, నొప్పి తగ్గకపోయినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు. షాపు చుక్కలు వద్దు.

క్యాంపు అయ్యాక

శుక్లం ఉందని చీటీ రాసినంత మాత్రాన ఆ మనిషి ఆస్పత్రికి వెళ్ళడు. ఎందుకు వెళ్ళరో అడిగితే భయం అంటారు. కాస్త కూర్చుంటే అసలు కారణాలు వస్తాయి. మేకలు ఎవరు చూస్తారు? తోడు ఎవరొస్తారు? ఆ రెండు రోజుల కూలి? ఎండాకాలంలో చేయించుకుంటే కన్ను చీము పడుతుందట కదా? ఈ చివరిదానికి జవాబు సులువు, ఇప్పటి పద్ధతిలో ఏ కాలమైనా ఒకటే. మిగతావాటికి ఊళ్ళో మనుషులే జవాబు చెప్పాలి. మేకలకు ఒక కుర్రాణ్ణి కుదర్చడం డాక్టరు వల్ల కాదు, యువజన సంఘం వల్ల అవుతుంది. మీ సంఘం సేవ చేయాలనుకుంటే చేయాల్సింది ఇదే.

ఎక్కడికి పంపాలి? మాకు రాయగడలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళ కేంద్రం ఉంది. బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. గుణుపురం నుంచి ప్యాసింజరు రైలెక్కితే విశాఖ. జనం విశాఖకే మొగ్గుతారు, అక్కడ చుట్టాలుంటారు, భాష తెలుసు. కానీ సరిహద్దు దాటితే ఆరోగ్య కార్డు సమస్య. ఒడిశా కార్డు ఆంధ్రా ఆస్పత్రిలో చెల్లుతుందా, ఆంధ్రా చిరునామా ఉన్నవాళ్ళకు ఇక్కడ ఏం కాగితం కావాలి అన్నది బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి, ఫోన్‌లో చెప్పినవాళ్ళ పేరు రాసుకోవాలి. ఒకసారి మా ముసలివాళ్ళను ఒక ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఈ కారణంగానే సాయంత్రం దాకా నిలబెట్టారు. పొద్దున్న చెప్పి ఉంటే మధ్యాహ్నం రైలుకు తిరిగి వచ్చేసేవాళ్ళం.

బయల్దేరే ముందు బీపీ, షుగర్ చూపించండి. అక్కడికి వెళ్ళాక షుగర్ ఎక్కువుందని వెనక్కి పంపితే ఆ మనిషి మళ్ళీ రాదు, ఊళ్ళో ఇంకో నలుగురిని రానివ్వదు. పుట్టాసింగి వైపు కొండల నుంచి వచ్చే సవర ముసలమ్మలతో సవర తెలిసిన ఆడపిల్లను పంపడం తప్పనిసరి. కళ్ళకు గంత కట్టి, చుట్టూ ఎవరి మాటా అర్థం కాకుండా రాత్రంతా పడుకోవడం ఎంత భయమో ఆలోచించండి. ఒడియా ఇంటావిడను "మావుసీ" అని, తెలుగావిడను "అమ్మా" అని పిలిచి చెయ్యి పట్టుకునే మనిషి వార్డులో ఉంటే సగం గొడవలు రావు.

ఇంటికొచ్చాక కొన్ని వారాల పాటు చుక్కల మందు. ఇక్కడే పని చెడుతుంది. రోజుకు ఎన్నిసార్లో కాగితం మీద రాసిస్తే చదివేదెవరు? సీసా మీద రబ్బరు బ్యాండ్లు వేస్తాం, నాలుగుసార్లు వేయాల్సినదానికి నాలుగు, రెండుసార్లదానికి రెండు. పొయ్యి దగ్గరకు వెళ్ళొద్దని కోడలికి చెప్పాలి, అత్తగారికి చెబితే వినదు. కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చూపు తగ్గినా ఫోన్ చేయాల్సిన నంబరు గోడ మీద బొగ్గుతో పెద్దగా రాయించండి. కాగితం పోతుంది, గోడ ఉంటుంది.

రిజిస్టరులో ప్రతి పేరుకూ ఎదురుగా ఒక గడి ఖాళీగా ఉంచండి: అద్దాలు అందాయా, ఆపరేషన్ అయిందా, అయ్యాక చూపు ఎంత. రెండు వారాల్లో అద్దాలు పట్టుకుని మనమే ఊరు వెళ్ళాలి. ఎవరిది వాళ్ళకు పెట్టి, చెవుల దగ్గర వంచి, ముక్కు మీద నిలుస్తుందో లేదో చూసి ఇవ్వాలి. నెలకు మళ్ళీ వెళ్ళి ఎంతమంది పెట్టుకుంటున్నారో చూడాలి. పెట్టుకోనివాళ్ళను తిట్టకండి, ఎందుకో అడగండి. ఎక్కువసార్లు చెవి వెనక ఒరుసుకోవడమో, ముక్కు మీద బరువో, రెండు నిమిషాల్లో సరిచేసేదే ఉంటుంది. ఆ గడులు నిండాకే క్యాంపు అయినట్టు లెక్క. ఫోటో కోసం సమితి సభ్యుడి చేత కళ్ళజోడు పెట్టించే కార్యక్రమం కావాలంటే ఈ రోజున పెట్టుకోండి, అప్పుడైతే ఆ కళ్ళజోడు ఆ మనిషిదే అయి ఉంటుంది.

ఈ చదువు గురించి అడిగేవాళ్ళకు

క్యాంపులో ప్రతిసారీ ఇంటర్ చదివే పిల్లలెవరో ఒకరు లెన్సుల పెట్టె చుట్టూ తిరుగుతూ ఉంటారు. ఇంటర్‌లో సైన్సు చదివి ఉంటే ఆప్టోమెట్రీ డిగ్రీలో చేరొచ్చు. చివరి ఏడాది ఆస్పత్రిలో శిక్షణ. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో మా వృత్తి కూడా ఉంది. జీతాల గురించి దాచను, మొదట్లో తక్కువ. పట్నంలో పెద్ద ఆప్టికల్ షోరూములు త్వరగా తీసుకుంటాయి, అక్కడ రోజంతా ఫ్రేములు అమ్మడమే పని అయిపోయే ప్రమాదం ఉంది. మొదటి రెండు మూడేళ్ళు రోజూ రకరకాల కళ్ళు చూసే ఆస్పత్రిలో చేయడం మంచిది. తర్వాత మా గుణుపురం, పర్లాకిమిడి లాంటి చోట కొట్టు పెట్టుకుంటే ఇల్లు గడుస్తుంది, మేడలు కట్టలేరు. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన పిల్లలకు ఇక్కడ ఉన్న విలువ హైదరాబాదులో ఉండదు. సవర కూడా వస్తే ఆస్పత్రులే వెతుక్కుంటూ వస్తాయి.

కాలేజీలో చేరే ముందు ఫీజు సంగతి తర్వాత అడగండి, ముందు ఆ కాలేజీకి సొంత కంటి ఆస్పత్రి ఉందా, లేక ఏ ఆస్పత్రితో ఒప్పందం ఉందో అడగండి. వీలైతే ఒక పూట వెళ్ళి అక్కడి ఓపీలో కూర్చోండి. రెటినోస్కోపు పట్టుకున్నది విద్యార్థులా, లేక వాళ్ళు గోడకు ఆనుకుని చూస్తున్నారా అన్నది అక్కడే కనిపిస్తుంది.